అరవై గ్లాసులూ ఒక ఎర్ర చుక్కా

మా పెద్దమ్మ దేవుడితో మాట్లాడుతుంది అంటే మీరు ప్రార్థన అనుకుంటారు. ప్రార్థన వేరే, అది మోకాళ్ళ మీద కూర్చుని అందరిలాగే చేస్తుంది. ఇది మాట్లాడటం. "ఈసారి వచ్చిన సబ్బు చూశావా, ఎంత రుద్దినా నురగే రావడం లేదు" అంటుంది. కాసేపు ఆగుతుంది. తర్వాత నవ్వుతుంది. చిన్నప్పుడొకసారి చర్చి వెనక గది తలుపు దగ్గర ఇదంతా విని, లోపల ఇంకెవరో ఉన్నారనుకుని తొంగి చూశాను. ఎవరూ లేరు. నీళ్ళ తొట్టె, గ్యాసు పొయ్యి, తీగ మీద తువ్వాళ్ళు, పెద్దమ్మ.

"ఎవరితో పెద్దమ్మా?" అన్నాను.

"నా ఫ్రెండుతో. ఆయనే నన్ను స్నేహితురాలివి అన్నాడు. అంత పెద్దాయన నోరు తెరిచి అన్నాక నేను కాదంటే ఏం మర్యాద?"

పెద్దమ్మ మా అమ్మకు అక్క. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే "పిండాల్సిన బట్టలు ఇప్పటికే బోలెడున్నాయి" అనేది. మా ఇంట్లోనే వెనక గదిలో ఉండేది. పెద్దాసుపత్రి లాండ్రీలో ముప్ఫై ఏళ్ళు పనిచేసింది. అక్కడ డాక్టర్ల దగ్గర్నుంచి వాచ్‌మన్ వరకు అందరికీ ఆమె సబ్బక్క. ఉతికే ముందు ప్రతి దుప్పటీ దులిపి చూసేది. కళ్ళజోళ్ళు, కట్టుడు పళ్ళు, ఒకసారి కత్తెర కూడా దొరికాయి. రక్తం మరకకు ముందు చల్లనీళ్ళే పొయ్యాలి, వేడినీళ్ళు తర్వాత, తిరగేస్తే ఆ మరక జన్మలో పోదు అని నాకు చిన్నప్పుడే నేర్పింది. దేన్నయినా సోడా వేసి మరగబెడితే తప్ప అది శుభ్రపడిందని నమ్మేది కాదు. ఇంట్లో నా రంగుల గౌన్లు రెండు ఈ నమ్మకానికి బలయ్యాయి.

చర్చిలో ఆమెకొక పని ఉండేది. మా సంఘంలో నెలకొకసారి, మొదటి ఆదివారం, ప్రభు భోజనం ఇస్తారు. చిన్న రొట్టె ముక్క, బొటనవేలంత గాజు గ్లాసులో ద్రాక్షరసం. గ్లాసులు అరవై. ముప్ఫై గుంటలున్న గుండ్రటి పళ్ళాలు రెండు. ముందురోజు శనివారం ఆ గ్లాసులన్నీ కడిగి, మరగబెట్టి, గుడ్డ మీద బోర్లించి, తుడిచి పెట్టడం పెద్దమ్మ వంతు. ఆదివారం అయ్యాక మళ్ళీ కడగడమూ ఆమే. గది తాళంచెవి ఆమె కొంగుకే ఉండేది. దాన్ని ఇంకెవరి చేతికీ ఇవ్వదు. జ్వరమొచ్చినా ఆ శనివారం వెళ్ళి తీరేది. ఎందుకంటే ఆమె ఫ్రెండు బాగా మాట్లాడేది ఆ గదిలోనే. ఆసుపత్రిలో యంత్రాల రొద, ఇంట్లో మా రొద.

ఆసుపత్రి కింది అంతస్తులో ఒక చివర లాండ్రీ, రెండో చివర శవాలుంచే చల్లగది. ఆ గది చూసుకునే మనిషి ఒక్కడే. అందరూ ఆయన్ని చల్లగదాయన అనేవాళ్ళు, అదీ ఆయన వెనకే. ఎదురుపడితే అసలు పిలిచేవాళ్ళే కాదు. ఆయన లిఫ్టు ఎక్కితే లోపలున్నవాళ్ళకు హఠాత్తుగా మెట్లెక్కాలనిపించేది. క్యాంటీన్‌లో ఆయన టీ కిటికీలోంచి చేయి చాచి అందించేవాళ్ళు. నిజానికి ఆ ఆసుపత్రిలో ఆయనంత శుభ్రమైన మనిషి లేడు. రోజుకు రెండుసార్లు స్నానం, మోచేతుల దాకా సబ్బు. భార్య పోయి చాలా ఏళ్ళయింది. కూతురికి పెళ్ళయింది కానీ తండ్రి చేసే పనేమిటో అత్తింట్లో చెప్పుకోలేదట. ఏడాదికి రెండు ఫోన్లు చేస్తుంది, అవి కూడా మేడ మీదకెళ్ళి.

రోజూ పదింటికి ఆయన దుప్పట్ల మూట తెచ్చి పెద్దమ్మ చేతికిచ్చేవాడు. పెద్దమ్మ అందుకునేది. మిగతావాళ్ళయితే "అక్కడ పడెయ్" అనేవాళ్ళు. ఒకరోజు ఆయన వెళ్ళబోతూ ఆగి, "అక్కా, లోపల ఎవరితో మాట్లాడుతుంటావు?" అని అడిగాడట.

"నా ఫ్రెండుతో."

"నేనూ మాట్లాడతాను. కానీ నా దగ్గరున్నవాళ్ళు బదులు చెప్పరు."

పెద్దమ్మ పగలబడి నవ్వింది. ఆయన జోకు వేశాడని ఆయనకే ఆలస్యంగా తెలిసింది. "నా ఫ్రెండు చెబుతాడు తమ్ముడూ. ఆదివారం రా, పరిచయం చేస్తాను" అంది.

వచ్చాడు. చివరి బెంచీలో, తలుపు పక్కన కూర్చున్నాడు. మొదటి వారం అందరూ చేయి కలిపారు. రెండో వారానికి ఆయన ఎక్కడ పనిచేస్తాడో తెలిసింది. మూడో వారానికి చివరి బెంచీ మొత్తం ఆయనకే మిగిలింది. నేను అప్పటిదాకా చివరి నుంచి రెండో బెంచీలో కూర్చునేదాన్ని. నేనూ ముందుకు జరిగాను. ఫ్యాను గాలి రావడం లేదని చెప్పాను. ఆ ఫ్యాను అప్పటికీ ఇప్పటికీ బాగానే తిరుగుతోంది.

ఆయన ఇదేమీ పట్టించుకోకుండా వస్తూనే ఉన్నాడు. ఆరు నెలలకు బాప్తిస్మం తీసుకున్నాడు. అక్కడే చిక్కొచ్చి పడింది. బెంచీ వేరే, గ్లాసు వేరే. బాప్తిస్మం తీసుకున్న మనిషికి ప్రభు భోజనం ఇవ్వాలి. ఆయన తాగిన గ్లాసు ఆ అరవైలో కలుస్తుంది. వచ్చే నెల అది ఎవరి ముందుకొస్తుందో ఎవరు చెప్పగలరు?

ఆ శనివారం మా సంఘ పెద్ద, రిటైరైన హెడ్మాస్టరు గారు, గ్లాసుల గదికి వచ్చారు. ఆయన చెడ్డవారు కాదు. చెడ్డవారైతే నాకీ సంగతి చెప్పడం సులువుగా ఉండేది. మా నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు రోజూ వచ్చి కూర్చున్నది ఆయనే. కానీ ఆయన భార్యకు ఊపిరితిత్తులు బలహీనం, ఆమెకు ఏమవుతుందోనని ఆయనకు పగలూ రాత్రీ అదే బెంగ.

"ఎవర్నీ నొప్పించకుండా ఒక ఏర్పాటు చేద్దామమ్మా. ఆయనకొక గ్లాసు వేరే. అడుగున చిన్న గుర్తు పెట్టు. పళ్ళెంలో చివరి గుంటలో ఉంచు, నేనే అందిస్తాను. మూడో మనిషికి తెలియక్కర్లేదు."

"ఆయన మడిచిన దుప్పట్లే కదండీ నేను రోజూ ఉతికేది. నాకేమైంది?"

"నీకు అలవాటు. అందరికీ ఉండదుగా." తర్వాత తాళంచెవి వైపు చూసి, మెత్తగానే అన్నారు. "నీకు ఇబ్బందిగా ఉంటే చెప్పు, ఈ పని ఇంకెవరికైనా అప్పగిద్దాం. నీకూ మోకాళ్ళ నొప్పులు."

ఆ సాయంత్రం పెద్దమ్మ నా గోళ్ళ రంగు సీసా అడిగింది. ఎర్రది. "ఎవరి కోసం పెద్దమ్మా ఈ సోకులు?" అని ఏడిపించాను. నవ్వలేదు. ఎప్పుడూ నవ్వే మనిషి నవ్వలేదని కూడా నాకు అప్పుడు తట్టలేదు. సీసా ఇచ్చి నా పనిలో నేను పడ్డాను.

ఒక గ్లాసు అడుగున చుక్క పెట్టింది. ఆదివారం అనుకున్నట్టే హెడ్మాస్టరు గారు చివరి గుంటలో గ్లాసు తీసి చల్లగదాయనకు అందించారు. ఎవరికీ తెలియలేదు. మధ్యాహ్నం పెద్దమ్మ గ్లాసులన్నీ గిన్నెలో వేసి, చేతి అలవాటు కొద్దీ సోడా వేసి, పొయ్యి మీద పెట్టి మరగబెట్టింది. నీళ్ళు వంచేటప్పుడు గిన్నె అడుగున ఎర్రటి పొట్టు ఒకటి కనబడింది. చుక్క ఊడిపోయింది. గుడ్డ మీద అరవై గ్లాసులు బోర్లించి చూసింది. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి.

అప్పుడే హెడ్మాస్టరు గారికి చెప్పేసి ఉంటే సరిపోయేది. చెబితే అరవై గ్లాసులూ పారేసి కొత్తవి కొంటారు, తాళంచెవి అడుగుతారు. పెద్దమ్మ చెప్పలేదు. మరుసటి నెల చేతికందిన గ్లాసు ఒకటి తీసి దానికి చుక్క పెట్టింది. ఆదివారం అదీ ఊడింది. ఆ పైనెల ఇంకోటి. ఇలా పదకొండు నెలలు జరిగింది. ప్రతి నెలా ఆయనకు చుక్క గ్లాసు వెళ్ళేది, ఆ చుక్క ప్రతిసారీ వేరే గ్లాసు మీద ఉండేది. అంటే ఆయన తాగిన గ్లాసుల్లో మేమంతా తాగాం, మేం తాగినవాటిలో ఆయన తాగాడు.

మొదట్లో పెద్దమ్మ తనకు తాను సర్దిచెప్పుకుంది. ఒక రకంగా మంచే జరిగిందిగా, ఎవరి మనసూ నొచ్చుకోకుండా అందరూ కలిసే తాగుతున్నారుగా అని. ఆ మాటే ఆ గదిలో తన ఫ్రెండుకు చెప్పింది. ఎప్పటిలాగే ఆగింది. బదులు రాలేదు. "రాకపోవడమంటే ఎలా ఉంటుంది?" అని నేను తర్వాత అడిగితే ఇలా చెప్పింది: "ఎదురుగా కూర్చున్న మనిషి నీ ముఖంలోకి చూస్తూ, నువ్వు అసలు సంగతి ఎప్పుడు చెబుతావా అని ఎదురుచూస్తుంటే ఎలా ఉంటుందో అలా."

అసలు సంగతి ఆమె చెప్పలేదు. దాంతో మిగతా మాటలూ తగ్గిపోయాయి. సబ్బు గురించి లేదు, మోకాళ్ళ గురించి లేదు. గ్లాసుల గదిలోంచి నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ వినబడేది కాదు. ఇంట్లోనూ అంతే. కంచం ముందు కూర్చుని సగం తిని లేచేది. నేను థైరాయిడ్ అనుకుని రక్తపరీక్ష చేయించాను. అంతా బాగానే ఉందని రాశారు. ముప్ఫై ఏళ్ళుగా పక్కన ఉన్న స్నేహం తెగిపోతోందని, ఆ మనిషి లోపల్లోపల చితికిపోతోందని ఆ కాగితంలో ఎక్కడ రాస్తారు?

పదో నెలలో చల్లగదాయన మూట ఇస్తూ అడిగాడు. "అక్కా, నా గ్లాసు అడుగున ఎర్ర చుక్క ఉంది. అదేంటి?"

ఆయన పని అలాంటిది మరి. ఏది చేతికొచ్చినా తిప్పి, ఎక్కడైనా చీటీ ఉందా అని చూస్తాడు.

"అదా, గ్లాసులు కలిసిపోకుండా గుర్తు తమ్ముడూ. అన్నింటికీ ఉంటుంది" అంది పెద్దమ్మ. అన్న మరుక్షణం నాలుక కరుచుకుంది కానీ అప్పటికే ఆయన "ఓహో, అలాగా" అని తల ఊపి వెళ్ళిపోయాడు. పూర్తిగా నమ్మాడు. అదే పెద్దమ్మను తినేసింది.

పదకొండో నెల ఆరాధన అయ్యాక మేమంతా బయట ఎండలో నిలబడి కబుర్లు చెప్పుకుంటున్నాం. తాగిన గ్లాసులు ఎవరి ముందున్న బెంచీ వెనక వాళ్ళు, అక్కడ కొట్టిన గుంటల చెక్కలో పెట్టి వస్తాం మేము. పెద్దమ్మ పళ్ళెం పట్టుకుని ఏరడానికి లోపలికి వెళ్ళింది. చల్లగదాయన ఒక్కడే లోపలున్నాడు. బెంచీ వెంట బెంచీ నడుస్తూ ఒక్కొక్క గ్లాసూ ఎత్తి, తిప్పి అడుగు చూసి, మళ్ళీ జాగ్రత్తగా అక్కడే పెడుతున్నాడు. మొదటి బెంచీ దాకా చూశాడు. వెనక్కి నడిచి, తన గ్లాసు తీసుకొచ్చి పెద్దమ్మ పళ్ళెంలో పెట్టాడు. మా మధ్యలోంచే నడుచుకుంటూ గేటు దాటి వెళ్ళిపోయాడు. మేం దారి ఇచ్చాం, దారి ఇవ్వడంలో మాకు మంచి అభ్యాసం.

ఆ తర్వాత ఆయన చర్చికి రాలేదు. లాండ్రీకి మూట వచ్చేది కానీ, తలుపు బయట నేల మీద ఉండేది. పెద్దమ్మ పదింటికి తలుపు దగ్గర కాపు కాసేది. ఆయన తొమ్మిదిన్నరకే పెట్టి వెళ్ళేవాడు.

మూడు వారాలు చూసింది. నాలుగో వారం పనివేళలోనే చేతులు తుడుచుకుని, ఆ పొడవాటి నడవా అంతా నడిచి చల్లగదికి వెళ్ళింది. ముప్ఫై ఏళ్ళలో తను ఆ చివరికి వెళ్ళడం అదే మొదటిసారట. ఆ ముక్క నాతో చెప్పేటప్పుడు సిగ్గుతో గొంతు తగ్గించింది. ఆయన్ని చర్చికి రమ్మంది, ఆయన గదికి మాత్రం తను ఎన్నడూ వెళ్ళలేదు. అక్కడ ఇనుప తలుపు, బల్ల, రిజిస్టరు, తాడు కట్టిన చీటీల కట్ట. ఒకటే కుర్చీ. ఆయన లేచి ఆ కుర్చీ ఆమెకిచ్చాడు.

పెద్దమ్మ కూర్చోలేదు. "అన్నింటికీ చుక్క ఉందని నీతో అబద్ధం చెప్పాను. నీ ఒక్కడికే పెట్టాను. పెట్టమన్నారు, నేను పెట్టాను" అంది.

ఆయన చీటీల కట్ట సర్దాడు. "ఇక్కడికొచ్చే ప్రతివాళ్ళకీ నేను చీటీ కడతాను అక్కా. ఎవరో తెలియనివాళ్ళకి నంబరైనా వేసి కడతాను, ఒక మనిషని తెలియాలిగా. నువ్వు నాకు కట్టింది ఏం చీటీ?"

పెద్దమ్మ ఏడ్చింది. ఏడుపు మధ్యలోనే చుక్క ఊడిపోయిన సంగతి, పదకొండు గ్లాసుల సంగతి చెప్పింది. ఆయన తల ఎత్తి, "సోడా వేశావా?" అన్నాడు. వేశానంది. ఆయన మూతి వణికింది, అది నవ్వో కాదో తెలియలేదు. "ఆ సంగతి నాకు చెబితే ఏం లాభం? తాగినవాళ్ళకి చెప్పాలి. నా కోసమైతే చెప్పకు, నేను రాను."

పై నెల మొదటి ఆదివారం, బల్ల మీద పళ్ళాలకు తెల్లగుడ్డ కప్పి ఉంది. పాస్టరు గారు "సాక్ష్యం చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా" అని అడిగారు, ఎప్పుడూ అడిగినట్టే, ఎవరూ లేవరన్న ధైర్యంతో. పెద్దమ్మ లేచింది.

అన్నీ చెప్పింది. హెడ్మాస్టరు గారు చెప్పారని ఒక్క ముక్కలో చెప్పి, "చెప్పింది ఎవరైనా పెట్టింది నా చెయ్యి" అంది. "ఆయన్ని రమ్మని పిలిచిందీ నేనే. పిలిచి అవమానించాను. తాళంచెవి పోతుందని భయపడి చేశాను. ఆ చుక్క మొదటి నెలే ఊడిపోయింది. ఆయన గ్లాసులో మీరంతా తాగారు, నేనూ తాగాను. పదకొండు నెలలు. ఎవరికీ ఏమీ కాలేదు."

ఎవరో దగ్గారు. నా ముందావిడ చీర కొంగుతో మూతి తుడుచుకుంది, నెల కిందట తాగినదాన్ని ఇప్పుడు తుడుచుకుంటే ఏం పోతుందో ఆమెకే తెలియాలి. పాస్టరు గారికి ఈ సంగతేమీ తెలియదు, పుస్తకం పట్టుకుని అలాగే నిలబడిపోయారు. హెడ్మాస్టరు గారు తల వంచుకున్నారు. అప్పుడు ఆయన పక్కనున్న ఆయన భార్య, ఎవరి ఊపిరితిత్తుల కోసం ఇదంతా జరిగిందో ఆవిడ, నెమ్మదిగా అడిగింది. "ఎన్ని నెలలన్నావమ్మా?"

"పదకొండండీ."

"నాకు దగ్గు తగ్గింది ఈ ఏడాదే" అందావిడ. హేళనగా కాదు, గుర్తు చేసుకుని అంది.

పెద్దమ్మ కొంగు ముడి విప్పి తాళంచెవి బల్ల మీద పెట్టి వచ్చి కూర్చుంది. ఆమె చెయ్యి నేను పట్టుకున్నాను. ఆ సీసా నాదని లేచి చెప్పాలని నాకూ అనిపించింది. లేవలేదు.

ఆ రోజు పళ్ళాల్లో సగం గ్లాసులు అలాగే మిగిలిపోయాయి. పెద్దలు కూర్చుని గ్లాసుల పని ఇంకెవరికైనా ఇవ్వాలని తీర్మానించారు. మధ్యాహ్నం ఇంట్లో అంట్లు తోముతూ పెద్దమ్మ అంది, "చెప్పేశాను. తాళంచెవి పోయింది. నువ్వు చూశావుగా." ఆగింది. కాసేపటికి నవ్వింది. నేను వంటింటి గడప మీదే కూలబడి ఏడ్చేశాను, సంతోషంతో. మా ఇంట్లోకి ఆ నవ్వు మళ్ళీ వచ్చింది.

మర్నాడు పదింటికి లాండ్రీ తలుపు కొట్టిన చప్పుడైంది. చల్లగదాయన మూట చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. పెద్దమ్మ అందుకుంది. ఇద్దరూ చుక్క ఊసు ఎత్తలేదు.

గ్లాసుల పని ఒకరు ఒక నెల చేసి చేతులెత్తేశారు. రెండో ఆవిడ మూడు గ్లాసులు పగలగొట్టింది. మూడో నెల పాస్టరు గారే తాళంచెవి తెచ్చి పెద్దమ్మకిచ్చారు. పెద్దమ్మ తీసుకోలేదు. "ఒక్కదాన్నే చెయ్యలేనండీ, తోడు కావాలి. ఎవరు తోడో ముందే అందరికీ చెప్పండి. ఈసారి చాటుగా వద్దు" అంది. ఆ తర్వాత చల్లగదాయన్ని అడిగింది.

"నేను కడిగితే తాగుతారా?" అన్నాడాయన.

"తాగకపోతే మనిద్దరం తాగేద్దాం. చిన్న గ్లాసులేగా."

పాస్టరు గారు ఆదివారం అందరి ముందూ చెప్పారు. ఆ పై శనివారం చల్లగదాయన వచ్చాడు. ఆయన కడిగాడు, పెద్దమ్మ తుడిచింది. హెడ్మాస్టరు గారు గుమ్మం దాకా వచ్చి, చాలాసేపు నిలబడి, "నీళ్ళు బాగా మరగనివ్వండి" అని వెళ్ళిపోయారు. ఆయన నోటివెంట వచ్చిన క్షమాపణ అదే, ఇంకోటి రాలేదు. ఆ నెల పదిహేడు గ్లాసులు మిగిలాయి. పై నెల తొమ్మిది. ముగ్గురు ఇప్పటికీ తీసుకోరు.

పెద్దమ్మ లాండ్రీలో రిటైరైంది. మోకాళ్ళు పూర్తిగా పోయాయి, గ్లాసుల గదిలో కుర్చీలో కూర్చునే తుడుస్తుంది. మొన్న శనివారం ఆ తలుపు దగ్గర మళ్ళీ నిలబడ్డాను. సబ్బు సంగతి చల్లగదాయన చెబుతున్నాడు, పెద్దమ్మతో కాదు. చెప్పి ఆగాడు. పెద్దమ్మ కూడా ఊరుకుంది. ఇద్దరూ వింటున్నారు.

మా చర్చిలో ఇప్పుడొక అలవాటు ఉంది, ఎవరూ నేర్పింది కాదు. గ్లాసు తాగాక ప్రతివాళ్ళూ దాన్ని తిప్పి అడుగు చూసి చెక్కలో పెడతారు. కొత్తగా వచ్చినవాళ్ళు అది కూడా ఆరాధనలో భాగమే అనుకుని తామూ తిప్పి చూస్తారు. నేనూ చూస్తాను. నా సీసా రంగు ఇంకా ఎక్కడైనా అంటుకుని ఉందేమోనని చూస్తాను.